లేపొద్దు

మా అవ్వ కాళ్లలో బలం పోగొట్టిన ఘనత సగం జ్వరానిది, మిగతా సగం నాది. ఇరవై రెండేళ్ల వయసులో, ఎంతో ప్రేమతో చేసిన ఘనకార్యం అది. చెబుతాను, నవ్వుకోండి.

నగరిలో నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి మా అవ్వ. విషజ్వరం వచ్చి తగ్గాక కాళ్లు వణకడం మొదలైంది. ఆమెకున్న కోరిక ఒక్కటే. ఎవరి చేయీ పట్టుకోకుండా బస్సెక్కి, కార్వేటినగరంలో ఉన్న చెల్లెల్ని చూసి రావాలి. చిత్తూరులో ఫిజియోథెరపీ మేడం దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఓపిగ్గా వివరిస్తుంటే మన దృష్టంతా ఫోనులో క్రికెట్ స్కోరు మీద. చివరి మాట ఒక్కటే చెవిన పడింది: "మీరు మాత్రం లేపొద్దు."

ఇంకేం! పది రోజులు అవ్వను మంచం దిగనివ్వలేదు.

"రేయ్, పెరట్లోకన్నా పోయొస్తా."

"మేడం లేపొద్దనింది అవ్వా!"

"ఆ యమ్మకేమన్నా ఒళ్లు బాగలేదేమో సూడు!"

పదకొండో రోజు అవ్వ నిలబడబోయి గోడ పట్టుకుని కూలబడింది. గబగబా ఎత్తి మంచమ్మీద కూర్చోబెట్టాను. మేడంకు ఫోన్ చేసి, "మీరే కదా లేపొద్దనింది!" అని దబాయించాను.

"లేపొద్దంటే రెక్క పట్టి లాగొద్దని అప్పా! కుర్చీలోంచి ఆమెంతట ఆమే లెయ్యాలని! పడుకోబెడితే ఉండే కండ గూడా పోతాది. సరే, మళ్లీ మొదులుపెడదాం."

మొదటిరోజు రెండుసార్లు లేచేసరికి అవ్వకు చెమటలు పట్టాయి. చాలించమన్నాను.

"పోగు తెగితే మగ్గం ఇడిసిపెడ్తామా? ముడేసుకుంటాం గదా!" అని మళ్లీ లేచింది. పక్కింటి మరమగ్గం చప్పుడుకు తాళం వేసుకుంటూ కూర్చునేది, లేచేది. మేడం చెప్పినట్టే కిటికీ కమ్మీ పట్టుకుని మడమలెత్తేది. మూడు నెలలు ఒక్కపూట మానలేదు. అంత పట్టుదల నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఆ రోజు రానే వచ్చింది. అవ్వ బస్సు కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ తనే ఎక్కింది. నాకు కళ్లు చెమర్చాయి. వెనకే ఎక్కబోతే, ఆ తడికళ్లతో మెట్టు కనబడక, పంచె కాలికి తట్టుకుని బస్టాండు మధ్యలో బోర్లా పడ్డాను. కండక్టరు పరిగెత్తుకొచ్చాడు.

పైనుంచి అవ్వ కేకేసింది: "ఓ కండక్టరప్పా, వాణ్ణి లేపొద్దు! వాడంతట వాడే లెయ్యాల!"

బస్సంతా నవ్వింది. ఆ మెట్టు మీద ఒట్టేసి చెబుతున్నాను: వైద్యులు మాట్లాడేటప్పుడు ఫోను జేబులోంచి తీయను, అవ్వ అడగందే చేయి అందించను.