కర్టెన్ వేయించి చెప్పిన ఇంటిపేరు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వచ్చి, మౌంట్ రాస్కిల్‌లో అద్దెకుండేవాళ్లం. మహాలయ అమావాస్య రోజు మావారు హాల్లో తర్పణాలు వదులుతుంటే, పక్కింటి మార్గరెట్ ఆంటీ తన చెట్టు నిమ్మకాయలు తెచ్చిచ్చింది. ఆవిడకి తొంభై దాటాయి.

“ఎవరి పేర్లు చదువుతున్నాడు?” అంది.

“పోయిన పెద్దలవి ఆంటీ. మీ తాతగారి పేరు కూడా చెప్పండి, ఇంటిపేరుతో సహా,” అన్నాను. మనకి ఇంటిపేరు అడగడం మామూలే కదా.

ఆవిడ ముఖం పాలిపోయింది. “ముందు ఆ కర్టెన్ వెయ్యి,” అంది. వేశాక వీధివైపు చెవి పెట్టి, గుసగుసగా “స్టైన్‌బాక్” అంది.

జర్మనీలో వాళ్ల ఊరి పేరే ఇంటిపేరయిందట. తాతగారు ఓడెక్కి ఈ దేశంలోనే ఉన్న నెల్సన్ అనే ఊరొచ్చి, పొలం చేసుకుని బతికారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు శత్రువులంటూ జనం వాళ్లింటి కిటికీలు పగలగొడితే, ఆంటీ వాళ్ల నాన్న ఇంటిపేరుని బ్రూక్స్‌గా మార్చేశాడు. తాతగారి సమాధి మీద కూడా ఆ కొత్త పేరే చెక్కించాడట.

“ఇప్పటికీ కిటికీ కదిలితే మాకోసమే వచ్చారనుకుంటాను,” అంది.

“నీళ్లు వదిలేవాళ్లు లేనివాళ్లకి కూడా చివర్లో వదులుతాం ఆంటీ,” అన్నారు మావారు.

“పేరు దాచుకున్నవాళ్లకో?”

ఆయన దోసిట్లో నువ్వులూ నీళ్లూ తీసుకుని, ఆ పేరు గట్టిగా పలికి వదిలారు. ఆంటీ కళ్లు మూసుకుని, కిటికీ వైపే వింటూ కూర్చుంది. ఎవరూ రాలేదు.

ఎవరడిగినా జంకకుండా చెప్పుకునే ఇంటిపేరు కూడా దేవుడిచ్చిన భాగ్యమేనని నాకు ఆ రోజే తెలిసింది.