అవ్వ అరగదీసిన పన్ను

సేఠ్ బీరువా తలుపు తెరవగానే నాఫ్తలీన్ ఉండల వాసన గుప్పుమంది. హుస్సేనీ ఆలంలో పాత మేడ అది. కింద బట్టల టోకు దుకాణం, పై గదిలో ఆయన ఏళ్ళ తరబడి పోగేసిన శంఖాలు, రంగురాళ్ళు, రాతిగా మారిన ఎముకలు. భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నన్ను ఇలాంటి సరదా ఉన్నవాళ్ళు అప్పుడప్పుడు పిలుస్తుంటారు, తమ దగ్గరున్నది అసలుదో కాదో చెప్పమని. ఆయన మఖ్మల్ గుడ్డ పరిచిన చిన్న పెట్టె ఒకటి నా ముందు పెట్టాడు.

"రాకాసి బల్లి పన్నంటే కొన్న మేడమ్, నయాపూల్ దిక్కు పాత సామాన్ల దుకాన్ల. ఇద్దరికి చూపిస్తే, ఎవడో రాయిని అరగదీసి చేసిండు, నకిలీ మాల్ అన్నరు. మీరు గూడ గట్లనే అంటే పారేస్త, ఫికర్ లేదు."

చూపుడు వేలంత పొడవు, నలుపు కలిసిన గోధుమరంగు, కొద్దిగా వంపు. ఒక వైపు మాత్రం బల్లపరుపుగా, నున్నగా అరిగిపోయి ఉంది. ఆ ఇద్దరికీ అనుమానం రావడంలో తప్పులేదు. భూతద్దం పెట్టి మొదలు దగ్గర చూస్తే, పక్కపక్కనే సూదిమొనంత గుంటలు రెండు కనిపించాయి. ఆ గుంటలు పెట్టింది నేనే, నాకు పదకొండేళ్ళప్పుడు.

లాల్‌దర్వాజాలో ఒకే వాకిలి చుట్టూ అయిదు కుటుంబాలు అద్దెకుండే ఇంట్లో మావి రెండు గదులు, వెనక గదిలో మా నాయనమ్మ నర్సమ్మ సందూకు. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్ళం. ఆ సందూకు మూత ఎత్తితే ఇదే నాఫ్తలీన్ వాసన, దాని వెనకాలే వాము వాసన, ఆ వెనకాల ఆమె పెళ్ళిచీర మడతల్లో మిగిలిపోయిన పసుపు వాసన వచ్చేవి. అడుగున ఎర్రగుడ్డ మూటలో రాకాసి పన్ను ఉండేది. గోదావరి ఒడ్డు అడవుల్లో కలప పనికి పోయిన ఆమె మామ అక్కడ వాగులో ఏరుకొచ్చి కోడలికి ఇచ్చాడట. అది ఏ రాకాసిదని అడిగితే, "చచ్చినదాని పేరు నాకెట్ల తెలుస్తది బిడ్డా?" అనేది.

ఎండాకాలం పొద్దున్నే, నీళ్ళు చల్లిన వాకిట్లో మేము గచ్చకాయలాడుతుంటే, పళ్ళొచ్చే పసిపిల్లల్ని చంకనేసుకుని తల్లులు వచ్చేవాళ్ళు, కొందరు మా గల్లీ నుంచి, కొందరు హుస్సేనీ ఆలం నుంచి బుర్ఖాల్లో. అవ్వ గంధం సాన కడిగి, దానిమీద వాము నీళ్ళు చిలకరించి, పన్నును మూడు చుట్లు తిప్పి రుద్ది, ఆ నీళ్ళను వేలితో పిల్ల చిగుళ్ళకు రాసేది. పిల్లలు మొదట మొహం ముడిచి, తర్వాత ఆ వేలినే చప్పరించేవాళ్ళు. మందు పనిచేసిందని నేననను; పళ్ళు ఎలాగూ వస్తాయి. కానీ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు గిన్నెనిండా మలీద ముద్దలో, సేమియా పాయసమో పట్టుకొచ్చేవాళ్ళు, పిల్లను అవ్వ కాళ్ళ మీద పడుకోబెట్టేవాళ్ళు, అవ్వ ఆ పూట మా అమ్మను కూడా కేకలేయకుండా మహారాణిలా కూర్చునేది. ఎప్పుడూ ఒకవైపే రుద్దేది. నేను ఇంకోవైపు తిప్పబోతే చెయ్యి మీద ఒకటి వేసింది.

"గా దిక్కు ముట్టకు. అది నీ పిల్లలకు, వాళ్ళ పిల్లలకు."

ఏడో తరగతిలో సైన్సు సారు, ఎముకైనా గోరైనా పన్నైనా కాలిస్తే కమురు వాసన వస్తుంది, రాయికి రాదు అని చెప్పాడు. ఆ ఆషాఢంలో బోనాల ఆదివారం, వాకిలంతా వేపమండలు, పసుపు పూసిన కుండలు, పొయ్యి మీద బెల్లమన్నం, చుట్టాలు, మధ్యలో ఏడుస్తున్న పిల్లతో ఓ తల్లి. అవ్వ సాన ముందేసుకుంది. నేను జామెట్రీ బాక్సులోని డివైడర్‌ను పొయ్యిలో ఎర్రగా కాల్చి తెచ్చి, అందరూ చూస్తుండగా దాని రెండు మొనలూ పన్నులో గుచ్చి పట్టాను.

"ఏంది బిడ్డా గా పని?" అంది అవ్వ.

"వాసన రాలే చూడు. ఇది పన్ను కాదవ్వా, ఉత్త రాయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "సదువుకున్నదానివి. నువ్వు రాయంటె రాయే," అని ఎర్రగుడ్డలో చుట్టేసి, ఆ తల్లితో, "ఇగ దవాఖానకు తీస్కపో బిడ్డా," అంది. గెలిచిన సంబరంలో నేను బెల్లమన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను. ఆ మూట ఆమె మళ్ళీ విప్పలేదు. తల్లులు రావడం మానేశారు. అవ్వ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ రెండేళ్ళు బతికింది. తర్వాత అమ్మ ఆ సందూకును, అందులో ఉన్నవాటితో సహా, పాత సామాన్లవాడికి ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకుంది.

కోట్ల ఏళ్ళు మట్టిలో ఉన్న పన్నులో వాసనొచ్చే పదార్థమేదీ మిగలదని కాలేజీలో చేరాక తెలిసింది. అప్పటికి చెప్పుకోవడానికి అవ్వ లేదు. ఆ పాఠం నేను పాతికేళ్ళు పిల్లలకు చెప్పాను, ఒక్కసారి కూడా అవ్వ పేరెత్తలేదు. సిగ్గనిపించేది.

సేఠ్ నా మొహం చూస్తూ కూర్చున్నాడు. రాయి అని ఒక్క మాటంటే పారేస్తాడు, నేను పర్సులో వేసుకుని ఇంటికి పోవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అంటే, ఆనాడు అవ్వ ముందు అన్న మాటే రెండోసారి అన్నట్టు. పన్నును తిప్పి, అవ్వ నన్ను ముట్టనివ్వని వైపు చూశాను. అంచు పొడవునా సన్నని రంపపు పళ్ళు, ఒక్కటీ అరగలేదు. ఆ వంపు, ఆ అంచు మాంసం తినే రాకాసి బల్లివే.

"అసలుదే. అరిగిన వైపు మోసం కాదు. చిన్నపిల్లల కోసం సాన మీద అరగదీసింది," అన్నాను. ఆ సానను ఇప్పుడు చూపించమంటే చూపలేను. మా వాకిలి ఉన్నచోట నాలుగంతస్తుల ఇల్లు లేచింది, సాన ఏ పునాదిలో పడిందో తెలియదు.

అసలుదేనని చీటీ రాసివ్వమన్నాడు. రాకాసి బల్లి పన్ను అని రాశాను, దొరికిన చోటు రాశాను, గుర్తించినవారు అన్నచోట నర్సమ్మ అని రాసి కింద సాక్షిగా నా సంతకం పెట్టాను.

"నర్సమ్మ మేడమ్ ఏ యూనివర్సిటీ?"

"లాల్‌దర్వాజా," అన్నాను.

పెట్టె మూసేముందు ఒక్కసారి అడిగి తీసుకుని, అవ్వ లాగే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాము వాసన లేదు, పసుపు వాసన లేదు. ఏ వాసనా లేదు.