మెట్ల మీద ఎండ

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో పాత థర్మోస్టాట్ పీకేసి కొత్తది బిగించి వెళ్లారు. ఇది మన అలవాట్లను తనే నేర్చుకుంటుందట. ఎప్పుడు లేస్తామో, ఎప్పుడు బయటికి వెళ్తామో కనిపెట్టి ఇంటి వేడిని తనే సర్దుతుందట. బిగించిన అతను చాలా సంతోషంగా చెప్పాడు. నేను తలూపాను. ఆఫీసునుంచి వచ్చేసరికి నాకు తలూపడానికి తప్ప దేనికీ ఓపిక ఉండదు. నేనుండే అరోరాలో చలి అప్పుడే మొదలైంది. ఈ సీజన్‌లో మొదటిసారి ఇల్లు వేడెక్కించే ఫర్నేస్ వెలిగినప్పుడు దుమ్ము మాడిన వాసన ఇల్లంతా పట్టింది. ఆ వాసనకి మిషిగన్‌లో చదువుకున్న రోజులు, మా డచ్ మేడమ్ గుర్తొచ్చారు.

అప్పుడు కార్ల కంపెనీలు కుదేలై ఉన్నాయి. నేను మాస్టర్స్ చేస్తూ, మధ్యలో దొరికిన ఖాళీలో నెదర్లాండ్స్ నుంచి ఏడాదిపాటు వచ్చిన ఒక పరిశోధకురాలికి సహాయకురాలిగా ఉండేదాన్ని. వాళ్ల విభాగంలో ఒకాయన పేవ్‌మెంట్ రాళ్ల సందుల్లో మొలిచే గడ్డిమీద పరిశోధన చేస్తాడట. ఒకావిడ జనం బట్టలు ఎందుకంత తరచుగా ఉతుకుతారో పరిశోధిస్తుందట. ఇంకొకాయన సైకిల్ తాళాలు. ఈవిడ సంగతి ఇంటి వెచ్చదనం: బయటి చలికీ, గోడ మీది యంత్రానికీ, లోపలి మనుషులకీ మధ్య రోజూ జరిగే బేరసారాలు. ఫోన్లో నాన్నకి చెప్పాను. దీనికి డాక్టరేట్లు కూడా ఇస్తారా అమ్మా అని అడిగారు. ఇస్తారని చెప్పాను. ఆయన నిట్టూర్పు సముద్రాలు దాటి వినిపించింది.

దగ్గర్లోని నోవై అనే ఊళ్లో తెలుగువాళ్ల ఇళ్లకి ఆవిడను తీసుకెళ్లడం నా పని. నాకు కొత్తవాళ్లతో మాట్లాడటమంటే ప్రాణసంకటం. తలుపు తట్టే ముందు చెప్పాల్సిన వాక్యాన్ని మనసులో రాసుకుని, దిద్దుకుని, అప్పుడు తట్టేదాన్ని. ఆవిడకి అలాంటి బాధలేం లేవు. పొడుగ్గా, ఎముకల పోగులా ఉండేవారు. మధ్యాహ్నం రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఒక చీజ్ ముక్క పెట్టుకుని తిని, భోజనం అయిందనేవారు. మనసులో ఏముంటే అది అడిగేవారు. చలేస్తే ముందు స్వెట్టర్ వేసుకోవాలి, హీటర్ సంగతి ఆ తర్వాత అనేది ఆవిడ సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతో రెండు స్వెట్టర్లు తొడుక్కుని మా వాళ్ల ఇళ్లకి వచ్చేవారు. ఏ ఇంట్లో చూసినా కొలిమిలా వేడి. ముందు ఒక స్వెట్టర్ విప్పేవారు, తర్వాత రెండోది, తర్వాత మొహం తుడుచుకుంటూ పులిహోర తినేవారు. ఉష్ణదేశం వాళ్లు కాబట్టి వీళ్లకి ఇంత వేడి కావాలేమో అని ఒకరోజు కార్లో అన్నారు. నేను చాలాసేపు ఆలోచించి, అది వాళ్లకోసం కాదు, మీకోసం అన్నాను. ఇంటికి అతిథి వస్తే గారెలు వేసినట్టే హీట్ కూడా పెంచుతారని, వాళ్లు మామూలుగా ఎలా ఉంటారో మనమింతవరకూ చూడనేలేదని చెప్పాను. ఆవిడ కారు పక్కకి ఆపి, అయితే ఈ చలికాలమంతా మనం పండగలే చూశామన్నమాట అన్నారు.

అలా ఒక శనివారం, చెప్పకుండా, నాకు బాగా తెలిసిన ఒక ఆంటీ వాళ్లింటికి వెళ్లాం. వాళ్లది గుంటూరు. చెప్పి రావడమేంటే, ఇది నీ ఇల్లే అని నాతో ఎప్పుడూ అనేది ఆవిడే. అంకుల్ కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరు. ఆయన ఉద్యోగం పోయిందని ఊళ్లో తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆంటీ ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ అడగలేదు. గుడిలో కనబడితే, అంకుల్ బిజీగా ఉన్నట్టున్నారు అనేవాళ్లం. అవునమ్మా, ఒకటే పని అనేది ఆంటీ. ఎవరికీ తెలియకూడదన్న ఒక్క పట్టుదలమీదే ఆవిడ ఆ చలికాలాన్ని లాగుతోంది.

తలుపు తీసిన ఆంటీ ఒంటిమీద కోటు ఉంది. వెనక అంకుల్ మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని సోఫాలో ఉన్నారు. ఇల్లు ఫ్రిజ్‌లా ఉంది.

"ఏంటే ఇది, ఒక్క ఫోన్ చేసి రావొద్దూ?" అంటూ ఆంటీ థర్మోస్టాట్ దగ్గరికి పరుగెత్తింది. మేడమ్ వద్దని వారించారు. తనకిలాగే బావుందని స్వెట్టర్ విప్పకుండా కూర్చున్నారు. ఆంటీ నావైపు తిరిగి తెలుగులో, "ఇంటికొచ్చిన మనిషిని చలికి వణికించమంటావా నన్ను? ఆవిడకి చెప్పు" అంది. నేను ఏం చెప్పాలో కూర్చుకునేలోపే, అంకుల్ తమకి చల్లగా ఉంటేనే ఇష్టమని ఇంగ్లీషులో అన్నారు. మేడమ్ ఆ మంకీ క్యాప్ వైపు కాసేపు చూశారు.

"మీకిప్పుడు ఉద్యోగం ఉందా?" అని అడిగారు, టైమెంతైంది అని అడిగినట్టు.

నాకు నేల చీలి లోపలికి పోతే బావుండుననిపించింది. వంటింటివైపు కదిలిన ఆంటీ గుమ్మంలోనే ఆగిపోయింది. అంకుల్ క్యాప్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. లేదు, ఆగస్టు నుంచి లేదు అన్నారు. మరి పగలంతా ఏం చేస్తారని ఆవిడ అడిగారు. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. అంత మాట్లాడే మనిషని నాకు తెలియదు. ఆంటీ ఆఫీస్‌కి, పాప స్కూల్‌కి వెళ్లాక హీట్ పూర్తిగా ఆపేస్తారట. పైగది కిటికీలోంచి పొద్దున ఎండ మెట్ల మీద పడుతుంది. పై మెట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటారు. ఎండ కిందకి జరిగేకొద్దీ ఆయనా ఒక్కో మెట్టూ దిగుతారు. చివరి మెట్టుకి వచ్చేసరికి అప్లికేషన్లు పంపడం అవుతుంది. పాప వచ్చే వేళకి లేచి హీట్ వేస్తారు.

"నేనటు వెళ్లగానే ఆపేస్తున్నారా?" అంది ఆంటీ.

"ఒక్కడికోసం ఇంతిల్లు వేడిచేయడం ఎందుకులే అని."

ఆంటీ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. బయటివాళ్ల ఎదుట ఆయన పక్కన ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కళ్లు తుడుచుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులోనే, మెట్ల సంగతి రాసుకోండి కానీ ఉద్యోగం సంగతి రాయొద్దని మేడమ్‌ని అడిగింది. ఉద్యోగం సంగతి లేకపోతే మెట్ల సంగతి ఎవరికీ అర్థం కాదని, కాబట్టి రెండూ రాయనని ఆవిడ చెప్పారు. ఈ చలికాలంలో తనకి దొరికినవాటిలో ఇదే మంచిదని, వదులుకోవడం కష్టంగానే ఉందని కూడా దాచకుండా చెప్పారు. అప్పుడు ఆంటీ టీ పెట్టింది. కోట్లు వేసుకునే తాగాం. మేడమ్ ఆ వేసవిలో వాళ్ల దేశం వెళ్లిపోయారు. ఆవిడ రాసిన పుస్తకంలో నోవై ఇళ్లున్నాయి, ఈ ఇల్లు లేదు.

అంకుల్‌కి మార్చి నెలాఖరులో దూరంగా ఎడారి రాష్ట్రంలోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వాళ్లు సామాను కట్టుకున్న రోజు తెలుగు కుటుంబాలన్నీ తలా ఒక వంటకం పట్టుకుని వచ్చాయి. ఇప్పుడు భయం లేదు కాబట్టి అందరూ అడిగారు: ఎన్నాళ్లు ఖాళీగా ఉన్నారు, ఎలా గడిపారు, ఒక్క మాట చెప్పకూడదా, మేం లేమా? ఆంటీ అందరికీ ప్లేట్లు అందిస్తూ నవ్వుతూ జవాబులు చెప్పింది. తర్వాత కారు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "అందరికీ ముందే తెలుసటే. మరి నేనెవర్నుంచి దాచానే ఇన్నాళ్లూ?" అంది.

కష్టకాలం గడిచాక అది అందరిదీ అవుతుంది, ఎవరైనా వచ్చి దాని గురించి మాట్లాడొచ్చు. గడుస్తున్నంతసేపూ మాత్రం అది ఆ ఇద్దరిదే. మేమంతా మర్యాదగా బయటే నిలబడి, అది గడిచేదాకా ఎదురుచూశాం.