బజారుకు చూపించాల్సిన కోత

బాసిలియా తికోనాకు ముక్కు మీదే కోపమని బొలీవియాలో కొండ మీది ఎల్ ఆల్టో ఊరి బజారులో దుంపల వరుసంతటికీ తెలుసు. సరుకును గిల్లి చూసే బేరగత్తెలను ఆమె కసిరితే అవతలి వరుసలో ఉల్లిపాయలమ్మేవాళ్ళు కూడా ఉలిక్కిపడేవారు. తల్లి కూర్చున్న మూలలోనే తానూ కూర్చుని, మంచులో ఎండబెట్టిన నల్లటి చున్యో దుంపలు అమ్మింది. మినీబస్సు నడిపే మొగుడు వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టుకున్నాక కూతురు నియెవెస్‌ను ఒంటిచేత్తో పెంచింది. రెండు దారులు కలిసే మూల అది. దాని మీద కన్ను లేనివాళ్ళు ఆ బజారులో లేరు. ఆ కోపమే లేకపోతే ఆమెను ఏనాడో అక్కణ్ణుంచి నెట్టేసేవారు.

ముట్లుడిగి ఏళ్ళు గడిచాక ఆమెకు మళ్ళీ రక్తం కనిపించింది. పావడా మీద పావడా కట్టే మనిషి గనుక మరక ఎవరి కంటా పడలేదు. కొన్నాళ్ళు దాచింది. చివరికి నియెవెస్ బట్టలు ఉతుకుతూ చూసి, నోటికొచ్చినట్టు తిట్టి, కొండ దిగువన ఉన్న పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. అక్కడ లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. గర్భసంచీ లోపలి పొరలో క్యాన్సర్ అని తేలింది.

డాక్టర్ అరాన్సిబియా నియెవెస్ కంటే మరీ పెద్దదేం కాదు. కాగితం మీద పొట్ట బొమ్మ గీసి ముందుకు జరిపింది.

"రోగం ఇంకా సంచీ దాటినట్టు లేదమ్మా, తీసేద్దాం. రెండు రకాలుగా తియ్యొచ్చు. ఒకటి, బొడ్డు పక్కనుంచి కిందదాకా పొడుగ్గా కోసి తియ్యడం. రెండోది, చిన్న చిన్న బొక్కలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతా వాటిల్లోంచి పనిముట్లు పంపడం. సంచీని కింది దారినే బయటికి తీస్తాం."

"బొక్కల్లోంచి చూస్తే మీకేం కనిపిస్తుంది? ఏదన్నా మిగిలిపోతే?"

"టీవీలో పెద్దగా కనిపిస్తుంది. నీలాంటి వాళ్ళకి ఎలా తీసినా రోగం మళ్ళీ వచ్చేదీ రానిదీ దాదాపు ఒకటే. తేడా అంతా తర్వాతే. బొక్కలైతే నెప్పి తక్కువ, పుండు చీము పట్టడం తక్కువ, తొందరగా ఇంటికెళ్తావ్. ఒళ్ళు భారీగా ఉన్నవాళ్ళకి ఇంకా మేలు. లోపల అనుకోనిదేదైనా కనపడితే మాత్రం కొయ్యక తప్పదు."

నియెవెస్ ఊపిరి పీల్చుకుంది. బాసిలియా మాత్రం ఆ కాగితాన్ని వెనక్కి తోసేసింది.

"నాకు పొడుగ్గానే కొయ్యి."

"ఎందుకమ్మా?"

"కొయ్యమంటే కొయ్యాలి. ఎందుకేంటి?"

ఎందుకో ఆ డాక్టరమ్మకు తెలిసే దారి లేదు. దుంపల వరుసలో ఎవరి పొట్ట కోసినా, కాన్పు కోతైనా రోగం కోతైనా, బజారు సంఘం ఆడవాళ్ళు కోడి పట్టుకుని ఆ ఇంటికి వెళ్తారు. సంఘం పెద్ద రవిక ఎత్తి కోత చూస్తుంది. భూమితల్లికి రెండు చుక్కల సారా ఒలకబోసి, కోత పొడుగునా వాళ్ళకు పవిత్రమైన కోకా ఆకులు ఒకదాని పక్కన ఒకటి పేరుస్తుంది. ఆకుకొక వారం. అన్ని వారాలూ మిగతావాళ్ళు వంతులేసుకుని ఆమె కొట్టు తెరుస్తారు, మూటలు ఎత్తుతారు, అమ్మిన సొమ్ము సాయంత్రానికి ఇంటికి చేరుస్తారు. ఆకులు దొరకనిదానికి వంతులు లేవు. వంతుల్లేకుండా కొట్టు మూసుకుంటే ఆ చోటు ఎదురుచూసే వాళ్ళలో ఒకతెకు పోతుంది.

నిరుడు పక్క కొట్టు సతుర్నీనాకు పిత్తాశయం తీశారు, అదీ ఇలాగే బొక్కలు పెట్టి. ఆకు పెడదామంటే ఆనే చోటు లేదు. అందరూ పడీపడీ నవ్వారు. "నీకు ఆకెందుకే, కాడ చాలు!" అని అరిచింది బాసిలియాయే. ఆ వారమే సతుర్నీనా మూటలు ఎత్తుకుంది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు.

సంగతంతా నియెవెస్ నోట విని డాక్టరమ్మ మండిపడింది.

"కోత నీ ఒంటికోసమా, బజారుకు చూపించడానికా? ఆకులు పెట్టుకోడానికి నేను పొట్ట చీల్చాలా?"

"నీకేం తెలుసు? నువ్వు నెల తిరిగేసరికి జీతం తీసుకుంటావ్. నా మూల పోతే నేను ఏ రోడ్డున కూర్చోవాలి?"

"మీ ఇంట్లో ఇంకెవరికైనా పొట్ట కోశారా?"

"మా ప్లాసిదక్కకి. ఇదే జబ్బు."

"ఎలా మానింది?"

ప్లాసిదకు ఆకులు బాగానే వచ్చాయి. అన్నీ అయిపోయినా పుండు మానలేదు. బొడ్డు కింద కుట్లు విచ్చుకుని, చీము కారి, గదంతా కంపు కొట్టేది. రోజూ గుడ్డలు మార్చింది బాసిలియాయే. అక్క పళ్ళ బిగువున పడిన బాధ ఆమె కళ్ళ ముందుకొచ్చింది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

"సరే, బొక్కలే పెట్టి చావు!" అని తలుపు దభాలున వేసి వెళ్ళిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. రోగం సంచీ గోడ దాటలేదని తర్వాత పరీక్షలోనూ తేలింది. మూడో రోజుకు కొండ మీదికి తీగలపై నడిచే కేబుల్ కారెక్కి ఇంటికొచ్చింది. వచ్చేముందు డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది.

"పైన బొక్కలు చూసి మోసపోకు. సంచీ కోసిన చోట లోపల కుట్లున్నాయి. ఎవరికీ కనపడవు. పొడుగ్గా కోసినా లోపల ఇవే కుట్లు. నేను చెప్పేదాకా మూట ఎత్తావా, అవి తెగి మళ్ళీ ఇక్కడికే వస్తావ్."

సంఘం పెద్ద త్రిఫోనియా కోడినీ, సారా సీసానూ, వెనక నలుగురినీ వెంటేసుకుని వచ్చింది. రవిక ఎత్తి చూసింది. అటు తిరగమంది, ఇటు తిరగమంది.

"కోత ఏదే?"

"అవే."

"ఇవా? నల్లి కుట్టినట్టున్నాయి."

వెనకనున్నవాళ్ళు నోటికి శాలువాలు అడ్డం పెట్టుకున్నారు. త్రిఫోనియా ఒక ఆకు తీసి ఒక బొక్క మీద పెట్టింది. బాసిలియా ఊపిరి తీసుకునేసరికి అది జారి పక్క మీద పడింది.

"ఆకు నిలవట్లేదమ్మా. నేనేం చెయ్యను? నిరుడు నువ్వే అన్నావుగా, కాడ చాలని. సోమవారం వచ్చి కొట్టు తెరుచుకో."

"నాలోంచి గర్భసంచీ తీసేశారే! అండాశయాలు తీసేశారు! నీ ఆకుకి అది కనపడదా?"

"ఏమో తల్లీ. నిజంగా అంత తీస్తే ఇంత చిన్న బొక్కలోంచి ఎలా వస్తుంది?"

ఎలా వచ్చిందో బాసిలియా చెప్పింది. ఏ దారిన వచ్చిందో, ఆ దారికి ఏమంటారో, అన్నీ పచ్చిగా అరిచి మరీ చెప్పింది. వయసులో చిన్నవాళ్ళు చెవులు మూసుకున్నారు. చివరికి కాళ్ళు కట్టిన కోడిని గుమ్మంలోంచి బయటికి విసిరింది. ఆ విసురుకి పొత్తికడుపులో కలుక్కుమని, గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

ఒళ్ళు మండదా మరి? కడుపు చీల్చి, చీము పట్టించుకుని మంచంలో కుళ్ళితేనే అది రోగమా? తెలివైన డాక్టరు నెప్పి తగ్గిస్తే, ఆ తగ్గిన నెప్పికి కూడా శిక్ష వెయ్యాలా?

సోమవారం నియెవెస్ వద్దంటున్నా వినకుండా బజారుకు వెళ్ళింది. కొట్టు తెరవలేదు. మూల మధ్యలో కుర్చీ వేసుకుని, టోపీ సరిచేసుకుని కూర్చుంది. దుంపలు అడిగినవాళ్ళకల్లా "మూటలు లోపలున్నాయి, త్రిఫోనియాని ఎత్తమను" అని గట్టిగా చెప్పింది. పొద్దెక్కేసరికి వరుసంతా గొడవైంది. ఇక తప్పక త్రిఫోనియా అక్కడికక్కడే సంఘాన్ని పిలిచింది. ఆడవాళ్ళు చుట్టూ మూటల మీద కూర్చున్నారు. కోకా ఆకుల గుడ్డ మధ్యలో పరిచారు.

"నేను మూట ఎత్తను," అంది బాసిలియా. "ఎత్తితే లోపల తెగుతుంది. వంతులు ఇస్తారా, నా మూల లాక్కుంటారా? ఇవాళే తేల్చండి. ఎవరి మొహం ఎలాంటిదో నేనూ చూస్తా."

ఆచారం ప్రకారం కుడిపక్క కొట్టుదే మొదటి మాట. అంటే సతుర్నీనాదే. ఆమె వద్దంటే మిగతావాళ్ళు కాదనరు. బతిమాలడం బాసిలియాకు చేతకాదు. అందుకే పళ్ళు కొరుకుతూ నేల చూసింది.

సతుర్నీనా లేచింది. శాలువా తీసి, నడుముకు బిగించిన పట్టీ విప్పి, రవిక పైకెత్తింది. బొడ్డు దగ్గర, నిరుడు పెట్టిన బొక్క ఉన్నచోటే, నిమ్మకాయంత ఉబ్బు ఉంది. ఆమె దగ్గింది. అది ఇంకా పైకి పొడుచుకొచ్చింది.

"పేగు," అంది. "ఆకు నిలవలేదని ఆ వారమే మూటలెత్తించారుగా. అందరికన్నా గట్టిగా నవ్వింది ఇదిగో ఇదే." బాసిలియా వైపు వేలెత్తింది. "దీని మొహం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. కానీ దీనికి వంతులు ఇవ్వాల్సిందే. పొడుగు కోత కోసినవాళ్ళకి ఎన్నో, అన్నీ ఇవ్వండి."

త్రిఫోనియా గుడ్డ మీది ఆకులు తీసి, పొట్ట చూడకుండానే ఆరు లెక్కపెట్టి బాసిలియా ఒళ్ళో వేసింది. చూస్తుండగానే ఎవరి కొట్లకు వాళ్ళు వెళ్ళిపోయారు.

గెలిచిన సంతోషం బాసిలియాకు కాసేపైనా నిలవలేదు. పక్క కొట్టు ముందు అప్పుడే ఎవరో చున్యో అడుగుతున్నారు. సతుర్నీనా పట్టీ బిగించుకుని, ఒక చేత్తో బొడ్డు దగ్గర అదిమిపట్టి, రెండో చేత్తో మూట చెవి అందుకుంది.

"ఆగవే!" అని బాసిలియా కుర్చీలోంచి పెట్టిన కేకకు వరుసంతా తిరిగి చూసింది. "ఏం, మీ కళ్ళు పోయాయా? ఆ మూట ఎత్తండే ఎవరన్నా!"

"నీ జాలి నాకక్కర్లేదు," అంది సతుర్నీనా మూట వదలకుండా.

"జాలెవడిక్కావాలే? ముందు వదులు దాన్ని!" ఒళ్ళోని ఆకుల్లో మూడు తీసి గుడ్డ మీదికి గిరాటేసింది బాసిలియా. "ఇవి దానివి. నిరుడు మనం ఎగ్గొట్టినవి. త్రిఫోనియా, నీకే చెప్పేది, లే!"

త్రిఫోనియా గొణుక్కుంటూ లేచి, పావడాలు ఎగదోపుకుని, ముందు సతుర్నీనా మూట ఎత్తింది.