మళ్లీ ఆయన్ని ఒక్క మాటా అడగలేదు

మా పెద్ద మాస్టారు రిటైరైన రోజున నా చేతిలో తాళాల గుత్తి పెట్టి, "స్కూలు జాగ్రత్తమ్మా" అన్నారు. తణుకు దగ్గర పల్లెలో ఎయిడెడ్ హైస్కూలు మాది. పదిహేడేళ్లు ఆయన కింద లెక్కలు చెప్పాను. అన్నేళ్లలో ఆఫీసు పని ఒక్కటంటే ఒక్కటి ఆయన ఎవరికీ నేర్పలేదు. కంప్యూటరు వచ్చాక దాన్ని పెట్టిన గదికీ తాళం పడింది. మా తెలుగు మాస్టారు ఒకసారి మౌసు ముట్టుకుంటే, "ఛందస్సు చూసుకోండి మాస్టారూ, ఇది మీకెందుకు?" అని పిల్లల ముందే నవ్వారు.

నేను హెడ్‌మిస్ట్రెస్‌నైన మూడో వారంలోనే పదో తరగతి పిల్లల వివరాలు ఫ్లాపీలో జిల్లా ఆఫీసుకు పంపాల్సి వచ్చింది. కంప్యూటరు ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడిగింది. ఆయనకు ఫోను చేశాను.

"పాస్‌వర్డా? గుర్తు లేదమ్మా" అన్నారు. వెంటనే, "నీ వల్ల కాకపోతే కమిటీ వాళ్లకి చెప్పు. నేనొచ్చి కూర్చుంటాను" అన్నారు.

మరిచిపోయిన మనిషి గొంతు కాదది.

అడ్మిషన్ రిజిస్టరు సంచిలో వేసుకుని తణుకులో కంప్యూటరు సెంటరుకు వెళ్లి, ఒక్కో పేరూ చదివి టైపు చేయించాను. అప్పటికే గడువు దాటింది. జిల్లా ఆఫీసులో గుమస్తా నన్ను నిలబెట్టి, "చేతకాకపోతే హెడ్డు పని ఎందుకు ఒప్పుకున్నారండీ?" అన్నాడు. తిరుగు బస్సులో ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఈ స్కూలుకు ఆయన అవసరం అన్నదే లేకుండా చేస్తానని పళ్లు బిగించి అనుకున్నాను.

మెకానిక్కును పిలిచి కంప్యూటరులో ఉన్నదంతా తుడిపించేశాను. ఆదివారాలు తణుకు సెంటరులో ఇంటర్ పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నది శనివారం సాయంత్రాలు మా టీచర్లందరికీ చెప్పాను. టైంటేబులు ఒకరికి, మార్కుల జాబితాలు ఒకరికి, ఆఫీసు ఉత్తరాలు ఇంకొకరికి అప్పగించాను. నెలకొకరిని వారం రోజులు నా కుర్చీలో కూర్చోబెట్టి, నేను వెళ్లి వాళ్ల క్లాసులు తీసుకున్నాను. అందరికన్నా ఎక్కువ కష్టపడి నేర్పింది తెలుగు మాస్టారుకే. అది కావాలనే చేశాను.

పెద్ద మాస్టారు ప్రతి సోమవారం వచ్చేవారు. నా ఎదుట కూర్చుని, "ఏమైనా ఇబ్బందిగా ఉందా అమ్మా?" అనేవారు. కాఫీ తెప్పించేదాన్ని. "ఏం లేదండి" అనేదాన్ని. ఆయన మొహం వాడిపోవడం చూడ్డానికి సోమవారం కోసం ఎదురుచూసేదాన్ని.

రెండేళ్లకు ఆయన్ని సలహాదారుగా పెట్టుకుందామని కమిటీలో మాట వచ్చింది. ప్రెసిడెంటుగారు మీటింగు పెట్టి ఆయన్ని కూడా పిలిచారు. నేను తెలుగు మాస్టారుని ముందుకు పిలిచాను. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఏ పిల్లలు ఏ సబ్జెక్టులో వెనకబడ్డారో, ఎవరు ఎన్నాళ్లు బడికి రాలేదో ఒక్కొక్కటే తెర మీద చూపించారు.

"ఇదంతా ఎవరు చేశారండీ?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"మా స్టాఫేనండి. నేను లేకపోయినా నడుస్తుంది" అన్నాను.

ప్రెసిడెంటుగారు పెద్ద మాస్టారు వైపు తిరిగి, "మరింకేం, మీకెందుకండీ ఈ శ్రమ? హాయిగా ఇంటి దగ్గర ఉండండి" అన్నారు. పెద్ద మాస్టారు కండువా సర్దుకుని లేచారు. గుమ్మం దాకా సాగనంపాను. మర్యాద కోసం కాదు, ఆ మొహం దగ్గరగా చూద్దామని. ఆ తర్వాత ఆయన మళ్లీ స్కూలుకు రాలేదు. నాకు జాలి కలగలేదు.

కొన్నాళ్లకు రాజమండ్రిలో హెడ్మాస్టర్ల శిక్షణలో మా స్కూలు గురించి చెప్పమని నన్ను పిలిచారు. చెప్పడం అయ్యాక ఒక కొత్త హెడ్‌మిస్ట్రెస్ వచ్చి, "అందరికీ నేర్పే ఓపిక మీకు ఎక్కణ్ణుంచి వచ్చింది మేడం?" అని అడిగింది.

"పిల్లల మీద ప్రేమమ్మా" అన్నాను.

అబద్ధం. ఆ హాల్లో మా ఊరి వైపు వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నాకు కొట్టిన చప్పట్ల సంగతి వాళ్లు ఆయన చెవిన వేస్తే బాగుండునని అనుకుంటూ బస్సెక్కాను.