చెక్క మీద కట్టిన లంక

మొన్న మనుమరాలు బడి నుంచి వస్తూనే ఒక కాగితం తెచ్చి నా మంచం మీద పెట్టింది. కుటుంబమంతా కలిసి చేసే సైన్సు పండుగట, ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు పిల్ల పక్కన నిలబడాలట, ఈసారి విషయం సముద్ర తీరాలట. కళ్లద్దాలు తుడుచుకొని రెండుసార్లు చదివాను. ఈ బొగ్గు గడ్డ మీది బడులకు సముద్రమంటే ఎందుకో అంత మోజు, ఆనాడూ అంతే. వంటింట్లో ఉన్న నా కూతురికి వినపడేలా చదవబోయి, కాగితం మడిచి పెట్టాను.

అప్పటికి మా ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాలేదు. మేం సెంటినరీ కాలనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం, ఈ కూతురే, నా బిడ్డ, అప్పుడు ఏడో తరగతి. బొగ్గు గనిని మేం బాయి అంటాం. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, బొగ్గు తీసిన ఖాళీలు కూలకుండా అప్పట్లో వాటిలో గోదావరి ఇసుక నింపేవాళ్లం. పైన ఇసుకలో నీళ్లు కలిపి గొట్టంలోకి వదిలితే కింద వెదురు తడికలు కట్టి ఆపేవాళ్లం. ఇసుక తడిక వెనక ఆగిపోయేది, నీళ్లు తడికలోంచి కారి కాలువ పట్టేవి, వాటిని మోటార్లతో మళ్లీ పైకి తోడి వాగులోకి వదిలేవారు. నేను తడికలు కట్టేవాణ్ణి. సగం జీవితం ఆ పనిలోనే పోయింది.

ఆ వానాకాలమే నా భార్య పోయింది. జ్వరమని దవాఖానకు నడిచిపోయిన మనిషి తిరిగి నడిచి రాలేదు. బూడిద గోదావరిలో కలిపి, కర్మ అయిన మర్నాడే పొద్దుటి షిఫ్టుకు పోయాను. నాకు ఏడుపు రాలేదు. ధైర్యమనుకునేరు, అదేం కాదు, లోపల అసలు ఏమీ లేదు. కూరలో ఉప్పుందో లేదో తెలిసేది కాదు, ఎవరేమడిగినా ఊ అనేవాణ్ణి. అట్లా ఊ అన్నవాటిలో బిడ్డ బడిలో జరిగే సైన్సు పండుగ ఒకటి.

గోదావరి సముద్రంలో కలిసే చోట లంకలుంటాయి కదా, వాటి ఒడ్డును ఎట్లా కాపాడుకోవాలన్నది ఆ ఏటి విషయం. గెలిచిన కుటుంబాన్ని బస్సులో తీసుకుపోయి ఆ లంకలూ సముద్రమూ చూపిస్తామన్నారు. మా కాలనీలో సముద్రం చూసినవాళ్లు ఎందరున్నారని, అందరి ఇళ్లల్లో అదే ముచ్చట. నా బిడ్డ మాత్రం సముద్రం కోసం ఆశపడలేదు. “అమ్మను గోదావరిల కలిపినం గద బాపు. గా గోదావరి ఆడికే పోతదట,” అన్నది అన్నం కలుపుతూ, నా ముఖం చూడకుండా. దానికీ ఊ అన్నాను.

ప్లైవుడ్ చెక్క మీద రేకు తొట్టి పెట్టి, బట్టలకు వాడే నీలిమందు నీళ్లలో కలిపి, నేను టిఫిన్ సంచిలో మోసుకొచ్చిన ఇసుకతో మధ్యలో లంక కట్టింది. చీపురు పుల్లలతో మడచెట్లు చేసి సుతిలి పోగులతో వేర్లు పెట్టింది. చేత్తో అల కొడితే వేర్లున్న వైపు ఒడ్డు నిలబడేది, చెట్లు లేని వైపు జారిపోయేది. ఆమె చెప్పదలచుకున్నదంతా అదే, నెల రోజులుగా అద్దం ముందు చెప్పుకుంటూనే ఉంది.

పండుగ నాటి పొద్దున ఆమె జడ వేసుకుంటుంటే నేను తొట్టి ముందు కూర్చున్నాను. ఆ జారే వైపును చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. కూలేదాన్ని కూలనివ్వకపోవడమే కదా నా డ్యూటీ. వెదురు చీల్చి వేలెడంత తడిక అల్లి, ఆ వైపు పాతి, వెనక ఇసుక కూరాను. బిడ్డకు చెప్పాలని కూడా తోచలేదు.

బడి మైదానంలో షామియానా కింద తల్లిదండ్రులంతా ఎవరి బల్ల దగ్గర వాళ్లు నిలబడ్డారు. మార్కులు వేయడానికి సముద్రం వైపు ఊరి నుంచి ఒక మేడమ్ వచ్చింది. నా బిడ్డ అల కొట్టింది. రెండు వైపులా ఒడ్డు చెక్కు చెదరలేదు. మళ్లీ కొట్టింది. ఆపైన ఏం చెప్పాలో తెలియక ఆగిపోయింది. మేడమ్ తడికను ముట్టుకొని ఇదెవరు కట్టారని అడిగితే, నెలల తర్వాత మొదటిసారి నా నోరు పెగిలింది, బాయి సంగతీ గోదావరి ఇసుక సంగతీ అంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, “ఆ ఇసుక నది మోసుకొచ్చి పోస్తేనే కదండీ మా లంకలు నిలబడేది,” అని మెల్లగా అని, పక్క బల్లకు పోయింది.

బస్సు మాకు దక్కలేదు. తొట్టి సైకిలు వెనక కట్టుకొని ఇద్దరం నడిచి వస్తున్నాం. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. క్వార్టర్ల మలుపు దగ్గర మాత్రం ఆగి అడిగింది, “బాపు, అయితే అమ్మ గూడ బాయిలకే పోయిందా?”

నాకు జవాబు తెలుసు. ఇసుక ఆగుతుంది గాని బూడిద ఆగదు. తేలికైనదంతా నీళ్లతోపాటు తడికలోంచి జారిపోతుంది, నీళ్లు పైకి, పైనుంచి వాగులోకి, వాగు మళ్లీ గోదావరిలోకి. ఎంత చుట్టు తిరిగినా సముద్రానికే పోతుంది. రోజూ కళ్లతో చూసే ఆ సంగతి చెప్పకుండా అలవాటుగా ఊ అన్నాను.

ఆ తర్వాత ఆమె గోదావరి పేరెత్తలేదు. పుష్కరాలకు కాలనీ అంతా కదిలినా, తలనొప్పని ఇంట్లోనే పడుకుంది. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

మొన్న ఆ కాగితం పట్టుకొని వంటింటి గడపలో నిలబడి, బూడిద బాయిలో ఆగదన్న ఆ నాలుగు మాటలు ఇన్నేళ్లకు చెప్పాను. బిడ్డ బియ్యం కడుగుతూ విన్నది. కడుగు నీళ్లు పారబోసి, “గీ మాట గప్పుడే చెప్తే అయిపోతుండె గద బాపు,” అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఇప్పుడు ఆ బాయి మూతపడింది. గొట్టాలు పాత ఇనుము కింద పోయాయి, తడిక కట్టడం తెలిసినవాళ్లం కొందరమే మిగిలాం, ఇప్పటి పిల్లలు సముద్రాన్ని ఫోనులోనే చూసేస్తున్నారు. కాగితం అడుగున వెంట వచ్చే పెద్దవారి సంతకానికి ఒక గీత ఉంటే అక్కడ సంతకం పెట్టాను. ఈసారి పిల్ల ఏమడిగినా ఊ అని ఊరుకోకూడదనుకున్నాను. ఆ పిల్ల ఇంకా ఏమీ అడగలేదు.