నాకు చెప్పినవ్ గద

డోర్నకల్ జంక్షన్‌లో మధ్యాహ్నం బండి కోసం కూర్చున్నాను. మూత్రపిండాలు తమను కాపాడుకోవడానికి ఒక ప్రొటీన్‌ను తయారుచేసి మూత్రంలోకి వదులుతాయట. నాలో అది బాగా తగ్గిందని, కిడ్నీలు దెబ్బతింటున్నాయని ఆ ఉదయమే డాక్టరు చెప్పారు.

బెంచీ మీద పక్కనున్న ముసలామె నా ముఖం చూసి, "ఏమైంది బిడ్డా?" అంది. ముక్కూ మొహం తెలియని ఆమెకు అంతా చెప్పేశాను.

ఆమె కొంగు తొలగించి ఎడమ చెయ్యి చాపింది. మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంది. నా వేళ్లు పట్టుకుని దానిమీద పెట్టుకుంది. లోపల నెత్తురు జుమ్మని పరుగెడుతోంది.

"డయాలసిస్ కోసం గిట్ల చేసిన్రు. మానుకోట దవాఖానకు పోయొస్తున్న. మొదట్ల నేను గూడ నీ లెక్కనే పరేషానైన. బతుకుతలేనా?" అంది. "ఇంట్ల చెప్పినవా?"

"ఇంట్ల నేనొక్కదాన్నే అవ్వా. ఎవలకు చెప్పాలె?"

"నాకు చెప్పినవ్ గద," అంది.

ఆమె బండే ముందొచ్చింది. చెయ్యి పట్టి ఎక్కించాను. పేరు అడగడం తోచలేదు.

ఇప్పటికీ పరీక్ష చేయించుకున్న రోజు, తాళం తీసి లోపలికొచ్చాక, చెప్పులైనా విడవకుండా పైకే అంటాను: "అవ్వా, ఈసారి జర మంచిగనే ఉన్నదట."